స్క్రూడ్రైవర్‌తో వినే ఫోర్‌మన్

ఆ రోజు బాయిలర్ పొగను లాగే పెద్ద ఫ్యాన్ దగ్గర ఉన్నవి, ఉన్నవాళ్లు: మా పాత థర్మల్ ప్లాంటును కొన్న పెద్దలు ముగ్గురు, వాళ్ల మేనేజరు, కొత్త సెన్సర్ల తెర, పూలదండ, ఫోర్‌మన్ దగ్గర పని నేర్చుకుంటున్న నేను, కల్లూరు నుంచి వచ్చే మా ఫోర్‌మన్.

బేరింగు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని లోపలి జబ్బు చెప్పడం ఆయన అలవాటు. కిందటి వారమే మేనేజరు అందరి ముందూ దాన్ని లాక్కుని తుక్కులో పారేశాడు.

“ఇక నీ చెవులతో పని లేదు, తాతా!”

ఆ రోజు పెద్దలు తెరకు దండ వేశారు, ఫ్యాన్ తిరిగింది. తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఫోర్‌మన్ నా జేబులోని, స్క్రూడ్రైవర్ లాంటి కరెంటు టెస్టరు తీసుకుని బేరింగుకు ఆనించి విన్నాడు.

“బేరింగ్ ఖరాబైంది, బేటా.”

“ఆపమని చెప్పనా?”

“నువ్వేంది చెప్పేది? గా కంప్యూటర్‌నే చెప్పనీ.”

చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. నేనూ ఆయన పక్కనే చేతులు కట్టుకున్నాను. పెద్దల కళ్ల ముందు ఫ్యాన్ బేరింగు కాలి, పొగ కక్కి ఆగడానికి పట్టింది పదకొండు నిమిషాలు.