గుట్టల సందులో గొంగడి మనిషి

దయ్యాలంటే నాకు నవ్వు. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజులు చూసినదాన్ని, నన్ను దయ్యమేం భయపెడుతుంది? ఈ సంగతి చెబితే పిల్లలు నవ్వుతారని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

పోలీసు చర్య అయిపోయిన చలికాలం అది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల కోసం మిలిటరీ గుట్టలు గాలిస్తోంది. వాళ్లలో ఒకడైన మా అక్క భర్త ఇబ్రహీంపట్నం అవతల ఓ గుహలో జ్వరంతో పడి ఉన్నాడని కబురొచ్చింది. అక్క నిండు చూలాలు. అమ్మా నేనూ రొట్టెలు, మందు మూటకట్టుకుని తెల్లవారగానే బయలుదేరాం.

దారి అంటే ఎండిన వాగే. రెండు పక్కలా నిలువు బండలు, కాళ్ల కింద చల్లటి ఇసుక. కొంత దూరం పోయాక ముందు ఒక మనిషి, గొంగడి కప్పుకుని. మేం ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు.

"గొల్లోడైతే గొర్లేవి బిడ్డా?" అంది అమ్మ.

అమ్మ మహా గడుసుది. బండ మీద కూర్చుని రొట్టె విప్పి, "ఓ తమ్మీ, జర తిని పో" అని పిలిచింది. వచ్చాడు. మా వైపు అడవిలో ఎవరు తిన్నా, కంటికి కనబడని వాళ్ల కోసం మొదటి తునక పక్కకు వేస్తారు. ఎంత ఆకలైనా వేస్తారు. అతను వేయలేదు. గబగబా తిన్నాడు. కుడిచేతికి చిటికెన వేలు లేదు.

"వీడు మనోడు కాదు. పట్టిచ్చేటోడు. వీని నోట్ల మన్నుపడ!" అమ్మ నా చెవిలో అంది.

కట్టెలు ఏరే నెపంతో వాగు వదిలి బండలెక్కాం. పైనుంచి చూస్తే వాగు మలుపులో తుపాకులతో సిపాయిలు! ఇంకొంచెం నడిస్తే వాళ్ల చేతుల్లో పడేవాళ్లం. బండల మీదుగానే చుట్టు తిరిగి గుహ చేరాం.

గుహలో బావకు అంతా చెప్పాం. వేలు లేదనగానే తినడం ఆపేశాడు.

"అత్తా, గాడు నాకు నీళ్లు తెచ్చిచ్చిన మల్లిగాడు. మొన్ననే తూటా తాకి సచ్చిండు. ఈ చేతులతోనే బండల కింద పెట్టిన. గొంతు తడుపనీకి గుక్కెడు గంజి కూడ లేకుండె."

అమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, తానే కంటికి కనబడనోడాయె, ఇంక తునక ఎవరికి ఏస్తడు! ఆకలికొచ్చినోన్ని తిట్టుకుంటినే!"

నాకు ఇప్పటికీ అనుమానమే. బావది జ్వరం మాట కావచ్చు. వేలు లేని మనుషులు ఇద్దరు ఉండకూడదా? కానీ అతను ఎదురుపడకపోతే మేం వాగు వదిలేవాళ్లం కాదు. బావ బతికాడు, కొడుకును ఎత్తుకున్నాడు.

మమ్మల్ని ఆపడానికి వచ్చాడో, ఆకలై వచ్చాడో నేను చెప్పలేను. అతని కడుపు నిండిందో లేదో అని మాత్రం అమ్మ పోయేదాకా ఏడ్చింది.