చెరువు మీద మబ్బు, చేతిసంచిలో ఫోను

మబ్బు పడితే లోకమంతా హమ్మయ్య, చల్లబడింది అనుకుంటుంది. మా ఇంట్లో మాత్రం అన్నం సహించదు. ముదినేపల్లి దగ్గర మాకు కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువులు రెండున్నాయి. ఎండా గాలీ లేని రోజు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. అప్పుడు ఏరేటర్ల చక్రాలు ఆగకుండా నీళ్లను చిలకాలి. అవి ఆగాయా, పంట పూటలో పోతుంది. అందుకే మా ఆయన పెళ్లి భోజనానికి వెళ్లినా ఒక కన్ను విస్తట్లో, ఒక కన్ను ఆకాశంలో పెట్టుకుని తింటారు.

బందరు నుంచి మంగినపూడి వెళ్లే దారిలో మాయలోకం అంటూ కొత్తగా ఒక పార్కు పెట్టారు. డ్రాగన్లట, కోటలట, దేవకన్యలట. మా అమ్మాయి బడిలో సగం మంది వెళ్లొచ్చారు. దీన్ని తీసుకెళ్లడం మాత్రం మా ఆయన ప్రతిసారీ "వచ్చే ఆదివారం" అంటూ వాయిదా వేస్తూ వచ్చారు. ఒకసారి చొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కున్నాక కూడా మబ్బు పట్టిందని ఆగిపోయారు. పిల్ల ఏడవలేదు, కొత్త గౌను విప్పి మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. ఆ మడత చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. దాని పుట్టినరోజుకి తీసుకెళ్లి తీరాల్సిందేనని పట్టుబట్టాను. ఇంకో షరతు కూడా పెట్టాను. పార్కు గేటు దాటాక ఆయన ఫోను నా సంచిలో ఉంటుంది, మళ్లీ గేటు బయటే ఇస్తాను. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ ఒప్పుకున్నారు.

పొద్దున ఎండ బాగానే కాసింది. డ్రాగన్ నోరే అక్కడ గేటు, దాని పళ్ల మధ్యలోంచి లోపలికి వెళ్లాలి. ఫోను మోత తీసేసి సంచిలో వేసుకున్నాను. వణుకు తీసెయ్యడం మాత్రం నాకు తెలీలేదు.

మొదట్లో ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగారు. నిమిషానికోసారి చెయ్యి చొక్కా జేబు మీదకి పోవడం, ఖాళీ జేబు తడుముకుని నా వంక చూడటం. "అలా చూడకండి, ఇవ్వను" అన్నాను. మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టి లాక్కెళ్లి డ్రాగన్ రైలు ఎక్కించింది. దిగేసరికి ఆయన జుట్టంతా రేగిపోయి ఉంది, గొంతు బొంగురుపోయింది. "ఒసేయ్, ఇంకోసారి ఎక్కుదామే!" అన్నారు పిల్లతో. పెళ్లయ్యాక ఆయన అంత నోరు తెరిచి నవ్వడం నేను చూడలేదు. బాగుంది, ఎంత బాగుందో చెప్పలేను.

సరిగ్గా అప్పుడే నా డొక్కకి ఆనుకున్న సంచి వణికింది. ఏదో కంపెనీ వాళ్లు అనుకున్నాను. మళ్లీ వణికింది. తలెత్తి చూద్దును కదా, పడమటంతా నల్లగా కమ్ముకుని ఉంది. ఆకు కదలడం లేదు.

తండ్రీకూతుళ్లు మళ్లీ వరసలో నిలబడ్డారు. నేను బాత్రూముకని చెప్పి కోట వెనక్కి నడిచాను. అక్కడ గోడ నీడన రెక్కల దేవకన్య కూర్చుని డబ్బాలో పులిహోర తింటోంది. నా మొహం చూసి రెక్కలు దగ్గరికి ముడుచుకుని, "ఇటు రండి ఆంటీ, ఇక్కడైతే మాట వినపడుద్ది" అంది.

ఫోను చేసింది మా చెరువు మీద కాపలా ఉండే బాబాయ్.

"అమ్మాయ్, అబ్బాయికివ్వమ్మా ఫోను."

"రైలెక్కారు బాబాయ్. నాకు చెప్పు."

"కరెంటు పోయిందమ్మా. మన జనరేటరు చచ్చినా అందుకోవట్లేదు. మెకానిక్కు గుడివాడ నుంచి రావాలి. రెండో చెరువులో రొయ్య గట్టుకొచ్చేసింది, మూతులు పైకెట్టి."

"ఆక్సిజన్ బిళ్లలు చల్లావా?"

"ఉన్నవన్నీ చల్లేశాను. అవెంతసేపు ఆగుతాయమ్మా?"

"పక్క చెరువు వాళ్ల జనరేటరో?"

"ఆ మాట నన్నడగమాకు. అబ్బాయి నన్ను గట్టెక్కనివ్వడు" అన్నాడు.

పక్క చెరువు మా ఆడపడుచు భర్తది. అంటే మా ఆయనకి సొంత బావ. రెండేళ్ల క్రితం ఆయన చెరువుకి తెగులొచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఆ నీళ్లు మేం తోడుకునే బోదె కాలవలోకి వదిలేశారు. అవి మా చెరువులోకి వచ్చి మా పంటా పోయింది. ఆనాడు గట్టు మీద ఇద్దరూ అనుకున్న మాటలు నోటితో చెప్పేవి కావు. "వాడి నీడ నా గట్టు మీద పడకూడదు" అని మా ఆయన, "చచ్చినా తొక్కను" అని ఆ బావ. మా అమ్మాయి మేనత్త ఇంటికి వెళ్లడం మానేసింది. దేశంలో ఎంతమంది బావాబావమరుదులు మాట్లాడుకోవడం లేదు, వీళ్లూ అంతే అని నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడు ఫోను ఆయనకిస్తే ఏమవుతుంది? బండేసుకుని పరుగెత్తుతారు, చేరేసరికి గంట దాటుతుంది. బావని మాత్రం అడగరు. చెరువైనా వదులుకుంటారు గానీ అడగరు. ఈ పంట కూడా పోతే చెరువులు నిజంగానే వదులుకోవాలి. పైగా పిల్ల నెత్తి మీద పెట్టిన చెయ్యి. ఆయనకి తెలియకుండా నేను అడిగితే? ఆ తర్వాత ఇంట్లో ఏ రామరావణ యుద్ధం జరుగుతుందో!

ఆయన ఫోనులోనే వెతికాను. తీసేసి ఉంటారనుకున్నాను. లేదు, "బావ" అని అలాగే ఉంది. నొక్కాను.

ఒక్క రింగుకే ఎత్తారు. "చెప్పరా" అన్నారు.

నిన్న సాయంత్రం కలిసి టీ తాగినట్టుగా, చెప్పరా! "నేనన్నయ్యా..." అన్నాను.

"నువ్వామ్మా?" అన్నారు. గొంతు కాస్త దిగింది. "కరెంటు పోయిన కాణ్ణించి ఇక్కడే నిలబడి చూస్తున్నానమ్మా. పిలవని పేరంటానికి వస్తే మీవాడు ఊరుకుంటాడా? నా చెరువుకొకటి ఆడుతోంది, ఇంకో జనరేటరు ట్రాక్టరుకి తగిలించే ఉంచాను. రానా మరి?"

"రండన్నయ్యా, మీ పుణ్యం ఉంటుంది."

దేవకన్య మంచినీళ్ల సీసా నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత మాయలోకంలో ఏం చూశానో నాకు గుర్తులేదు. అద్దాల మహల్లో నా మొహాలే పదీ ఇరవై కనిపించాయి, అన్నీ గాబరాగా ఉన్నాయి. మరుగుజ్జు వేషం కుర్రాడు "వెల్‌కమ్ అండీ" అంటే "ఆ, తిరుగుతున్నాయా?" అన్నాను, పాపం బిత్తరపోయాడు. వాళ్లిద్దరూ జెయింట్ వీల్ ఎక్కారు. అంత పెద్ద చక్రం తిరుగుతుంటే, అక్కడ మా చక్రాలు తిరుగుతున్నాయో లేదో తెలియక కింద నిలబడి చీర కొంగు నమిలాను. వాళ్లు దిగే ముందు సంచి మళ్లీ వణికింది. బాబాయ్. "తిరుగుతున్నాయమ్మా. గట్టున కొంత పోయింది. మిగతాది నిలబడుద్ది" అన్నాడు. అక్కడే సిమెంటు పుట్టగొడుగు మీద కూలబడిపోయాను.

సాయంత్రం డ్రాగన్ నోట్లోంచి బయటికొచ్చాం. పిల్ల తల మీద మెరుపుల కొమ్ములు. మాటిచ్చినట్టే ఫోను తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన అందుకోలేదు.

"ఏ చెరువు?" అన్నారు.

"మీకెలా తెలుసు?"

"చక్రం పైనుంచి చూశాను, మనవైపంతా నల్లగా ఉంది. కిందకి చూస్తే నువ్వు సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డావు. పిల్ల పక్కన కూర్చుని నవ్వుతోంది. దాని మీద ఒట్టేశాను కదే. ఏమని అడగను?"

అప్పుడు అంతా చెప్పేశాను. కరెంటు, జనరేటరు, గట్టుకొచ్చిన రొయ్య. చివరికి బావ పేరెత్తేసరికి ఆయన దవడ బిగుసుకుంది. నాకు భయం బదులు కోపమొచ్చింది. "తిట్టాలంటే నన్ను తిట్టండి. మీ ఫోన్లోంచే చేశాను. మీరే అనుకుని ఒక్క రింగుకే ఎత్తి, 'చెప్పరా' అన్నారు. రెండేళ్ల తర్వాత, చెప్పరా అన్నారండీ ఆ మనిషి!"

ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని బావ పేరు నొక్కారు. పక్కనున్న నాకు స్పష్టంగా వినపడింది, అవతలి నుంచి అదే మాట.

"చెప్పరా."

మా ఆయన కళ్లు తుడుచుకుని, "అన్నం తిన్నావా బావా?" అన్నారు.

"ఎక్కడ తిననిచ్చావురా! మధ్యాహ్నం నుంచీ నీ గట్టు మీదే ఉన్నాను."