కారం చేతులు

తుఫాను వెలిసిన మూడో రోజు మా ట్రక్కు చిలకలూరిపేట దాటి పల్లె దారి పట్టింది. రెండు పక్కలా తడిసి నల్లబడ్డ పత్తి, మోకాలి లోతు నీళ్ళలో మిరప. సైన్యం అనగానే మీరంతా మంచు కొండల కథలే అడుగుతారు. అక్కడా చేశాను లెండి, నర్సింగ్ అసిస్టెంటుగా. కానీ నన్ను వదలని డ్యూటీ మాత్రం ఇక్కడే, మా ఊరికి రెండు గంటల దూరంలో జరిగింది.

ఒక చిన్న ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు మాకు అప్పగించారు. ఆరు మంచాలు. ఒక జనరేటరు. వరండా చివర ఒకే ఒక్క కుళాయి. మా డాక్టరు కెప్టెన్ మేడమ్ హిమాచల్ మనిషి, తెలుగు ముక్క రాదు. దిగీ దిగగానే హిందీలో ఆర్డరు వేసింది.

"పేషెంటును ముట్టుకునే ముందు చేతులు. ముట్టుకున్నాక చేతులు. నాతో సహా."

వరద నీళ్ళలో తెగిన కాళ్ళు చీము పట్టి వస్తున్నాయి. ఒకరి చీము ఇంకొకరికి మన చేతులే మోసుకెళ్తాయని ఆమె భయం. మంచానికొక శానిటైజర్ సీసా కట్టించింది. ఆ ఆసుపత్రి నర్సు మార్తమ్మ సిస్టర్ పగలబడి నవ్వింది.

"ఏమండీ హవల్దారు గారూ, మీ మేడమ్ గారు అన్నంలోకి కూడా ఇదే కలుపుకుంటారా ఏంటి?"

నవ్వుతూనే రుద్దుకునేది, పాపం.

మేం దిగిన నాలుగో రోజు సాయంత్రం మా అంబులెన్సు డ్రైవరు వైర్‌లెస్‌లోకి వచ్చాడు. "కాలవ కట్ట మీద ట్రాలీ బోల్తా. మిరపకాయల కూలీలు. తొమ్మిది మంది. తెస్తున్నా. ఓవర్."

కల్లంలో తడిసిన కాయల్ని ఎండబోయడానికి రోడ్డు మీదికి తోలుతున్నారట. అంబులెన్సు రాగానే దించాం. విరిగిన కాళ్ళు, పగిలిన తల. చీరలన్నీ నలిగిన కాయలతో ఎర్రగా ఉన్నాయి. వార్డంతా దగ్గులు. మోస్తుంటే మా గ్లోవ్స్ చిరిగాయి. మార్చుకుందామంటే డబ్బా ఖాళీ.

చివరి మంచం మీద మూడేళ్ళ పిల్ల. కంట్లో బురద. తల్లి కోటేశ్వరమ్మకు దెబ్బలేం తగల్లేదు. పిల్లను ముట్టుకోకుండా పక్కనే బిగుసుకుని నిలబడింది. మేడమ్ చిరిగిన గ్లోవ్స్ తీసి పారేసింది. పద్ధతిగా, వేలు వేలుకీ శానిటైజర్ రుద్దుకుంది. ఆ వేళ్ళతో పిల్ల రెప్ప విప్పింది.

పిల్ల కెవ్వుమంది. కాళ్ళు తపతపా కొట్టుకుంది. చూస్తుండగానే కన్ను ఎర్రబడి మూసుకుపోయింది.

మేడమ్ ముఖం పాలిపోయింది. "లోపల ఏదో గుచ్చుకుని ఉంది. గుంటూరు పంపాలి."

గుంటూరు దారి ఇంకా నీళ్ళలోనే ఉంది.

"నా బిడ్డ కన్ను పోయిందా అన్నా?" అంది కోటేశ్వరమ్మ. "చెప్పన్నా, పోయిందా?"

చేత్తో మెడ మీది చెమట తుడుచుకున్నాను. మెడ భగ్గుమంది. ఓరి దేవుడా!

"మేడమ్, కారం! మన చేతుల నిండా కారం!"

శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది. కారాన్ని మాత్రం అక్కడే ఉంచుతుంది. మేడమ్ తన వేళ్ళ వంక ఒక్క క్షణం చూసుకుంది. "నా చేతులే," అంది. "సబ్బు. నీళ్ళు. అందరూ, ఇప్పుడే."

మార్తమ్మ తన సంచిలోంచి కొబ్బరి నూనె సీసా తీసింది. ముందు నూనె, తర్వాత సబ్బు. కడుక్కున్న చేతులతో పిల్ల తల పట్టుకున్నాను. మేడమ్ సెలైన్ ధారగా పోసింది. ఒక సీసా అయింది. రెండోది అయింది. నా సర్వీసులో అంత భయం ఎన్నడూ ఎరగను.

పిల్ల మెల్లగా కన్ను తెరిచింది. మేడమ్ రెండో కన్ను మూసి పట్టుకుంది.

"ఎవరే బంగారం అక్కడ?" అంది మార్తమ్మ.

"అమ్మ," అంది పిల్ల.

కోటేశ్వరమ్మ మంచం మీదికి వంగిపోయింది. మోచేతులతో పిల్లను గుండెకు హత్తుకుంది. అరచేతులు మాత్రం పిల్లకు తగలకుండా దూరంగా చాపి పెట్టింది.

"బిడ్డను పట్టుకోమ్మా, ఏం కాదు," అన్నాను.

"చేతులు కడుక్కోలేదన్నా," అంది ఏడుస్తూ.

"ఏమంటోంది?" అని మేడమ్ నన్ను అడిగింది. హిందీలో చెప్పాను. ఆమె కోటేశ్వరమ్మను కుళాయి దగ్గరికి నడిపించుకెళ్ళి, నూనె రాసి, సబ్బు పెట్టి, గోళ్ళ సందులతో సహా తనే కడిగింది. తన తువ్వాలుతోనే తుడిచింది. ఆ చేతులు పిల్ల బుగ్గల మీద పడగానే నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఏడుపొచ్చింది మరి, దాచడమెందుకు.

డ్యూటీ ముగిశాక సెలవు మీద ఇంటికెళ్ళాను. వాకిట్లో నా కూతురు పరుగెత్తుకొచ్చి మీద పడింది. మూడు బస్సులు మారి వచ్చిన చేతులు నావి. అరచేతులు ఎడంగా పెట్టి మోచేతులతో ఎత్తుకున్నాను.

"ఇదేం ఎత్తుకోవడం నాన్నా?" అంది.

రిటైరయ్యాక ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో పని. చేతులు కడగకుండా ఎవరైనా మంచం దగ్గరికి వస్తే కేకలేస్తాను. చాదస్తం అంటారు. అననీ. కుళాయి తిప్పిన ప్రతిసారీ నా కళ్ళముందు కోటేశ్వరమ్మే నిలబడుతుంది, బిడ్డను గుండెకు అదుముకుని, ఎర్రటి అరచేతులు రెండూ దూరంగా చాపి.