మిరపసాళ్ల ముందు ఆగిన ట్యాంకు

రెండేళ్ల క్రితం నవంబరులో పిడుగురాళ్లలో చేసిందే నా ఆఖరి ఉద్యోగం. ఒక సినిమాకి యుద్ధ సలహాదారు పని. అంతకుముందు సైన్యంలో ట్యాంకుల దళంలో పనిచేసి రిసాల్దారుగా రిటైరయ్యాను. కాల్బలంలో సుబేదారు ఎంతో, మాలో రిసాల్దారు అంత.

కథ రాబోయే కాలానిది. ట్యాంకులు పోయి, తాటిచెట్టంత రోబోలు నడుచుకుంటూ వెళ్లి యుద్ధం చేస్తాయి. ట్యాంకులు ఎందుకు పోయాయో ఒక్క సీనులో నమ్మించాలి. నేను ఒప్పుకుంటేనే ఆ సీను తీస్తానని డైరెక్టరు మాటిచ్చాడు. ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టిన బండిని తుక్కు కింద కొట్టేస్తుంటే నేనెందుకు ఒప్పుకుంటాను?

రోబో కొండలెక్కుతుందన్నాడు. అంత ఎత్తుంటే దూరం నుంచే కొట్టేస్తారన్నాను. మేం ట్యాంకుని గుంటలో దించి, ఫిరంగి గొట్టం మాత్రం పైకి ఉంచి కాలుస్తాం. దాన్ని హల్ డౌన్ అంటారు. తాటిచెట్టుని ఏ గుంటలో దాస్తారు? పైగా ట్యాంకు బరువు గొలుసుపట్టాల మీద పరుచుకుంటుంది. అదంతా రెండు పాదాల మీద పడితే నల్లరేగడిలో మోకాలిదాకా దిగబడుతుందన్నాను. పాపం, రాసిన కాగితాలన్నీ చింపుకున్నాడు. నాకు మాత్రం లోపల మహా సంబరంగా ఉండేది.

రోబోని లారీ బాడీలు కట్టే మస్తాన్ వలీ రేకులతో చేశాడు. దాని వీపున 'సౌండ్ హారన్' అని రాసి, నడుముకి నల్లతాడు కట్టి పంపాడు. డైరెక్టరు తల పట్టుకున్నాడు.

"అయి లేకుండా మా షెడ్డులోంచి ఏ బండీ బయటికి పోదు సార్" అన్నాడు మస్తాన్.

నా ట్యాంకుని మాత్రం క్వారీలో తవ్వే ప్రొక్లెయినరు మీద ముచ్చటగా కట్టాడు.

షూటింగుకి గురజాల దారిలో ఒక మిరపచేను కుదిర్చారు. ముందు ట్యాంకు దిగాలి, వెనకాల రోబో. చేను గలావిడ నాగమ్మ గట్టు మీద అడ్డంగా నిలబడింది.

"ఏంది బాబాయ్, దీన్ని నా చేలో దింపుతారా?"

ట్యాంకు ఎదురొచ్చిందాన్నల్లా తొక్కుకుంటూ పోతుందనీ, దాని గొప్పే అదనీ సగర్వంగా చెప్పాను.

"ఆ గొప్పేందో మీ ఇంటి ముందు చూపించుకో. చానా అగచాట్లు పడితే కాపుకొచ్చింది. ఆ పొడుగోణ్ణి రమ్మను, సాళ్ల మధ్యన అడుగేసుకుంటా పోతాడు. కాయ రాలిందో, ఊరుకోను!"

మస్తాన్ డొంకలో క్రేను నిలబెట్టి, రోబోని ఎత్తెత్తి సాళ్ల మధ్య దించుకుంటూ నడిపించాడు. నేను చెప్పినట్టు మోకాలిదాకా కాకపోయినా, అది చీలమండల దాకా దిగబడింది. మొక్క మాత్రం ఒక్కటీ విరగలేదు. డైరెక్టరు అక్కడే కూర్చుని సీను రాసేశాడు. రాబోయే కాలంలో పంట తొక్కే సైన్యానికి రైతులు దారివ్వరు, అందుకే కాళ్లు.

కాదనబోతుంటే మా యుద్ధ విన్యాసాలు గుర్తొచ్చాయి. వాటిల్లో మేం పొలాలు తొక్కితే, వెనకాలే నష్టం రాసుకునే అధికారులు వచ్చేవాళ్లు. రైతుల తిట్లు మాత్రం ఇంజను మోతలో మాకు వినిపించేవి కావు. సీనుకి ఒప్పుకున్నాను.

శత్రువు ఎదురైతే ట్యాంకు ఎంతదూరం పోగలదో సర్వీసంతా లెక్కలు వేశాను. పొలం గలవాళ్లని అడిగి పోవాల్సొస్తే ఎంతదూరం పోతుందో ఆ రోజు తెలిసింది. గట్టు దాకా పోతుంది.