వాగులోకి వదిలిన పైపు

ఆత్మకూరులో ఒక అద్దెగది తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. ప్రైవేటు హాస్టళ్లు, కల్యాణ మండపాలు సొంతంగా నడుపుకునే చిన్న చిన్న మురుగునీటి శుద్ధి ప్లాంట్లను తనిఖీ చేయడం నా ఉద్యోగం. వెళ్లిన ప్రతిచోటా కుర్చీ వేసేవాళ్లు, కూల్‌డ్రింకు తెప్పించేవాళ్లు. నేను కూర్చోగానే అందరికీ ఏదో పని గుర్తొచ్చేది.

ఉదయగిరి దారిలో ఒక హాస్టలు పక్కన బర్రెలు పెట్టుకుని బతికే అవ్వ మాత్రం నన్ను పిలిచింది.

"ఎండలో ఏంది పాపా, అట్టా నిలబడుండావు? రా, మజ్జిగ తాగుదువు."

అప్పట్నుంచి అటు వెళ్తే ఆమె పందిట్లోనే అన్నం తినేదాన్ని. మా అమ్మ గురించి అడిగేది. ఒంట్లో ఎట్టా ఉందని అడిగేది. ఆ ఊళ్లో నన్ను మనిషిగా పలకరించింది ఆమె ఒక్కతే.

ఒకరోజు ఆమె బావిలో చేదిన నీళ్లు కంపు కొట్టాయి. "బర్రెలు గూడా మూతి పెట్టడంలా పాపా" అంది దిగులుగా.

హాస్టలు వెనక్కి వెళ్లి చూశాను. ప్లాంటులో మురుగుకు గాలి కొట్టే మోటారు తుప్పుపట్టి ఉంది. మురుగంతా ఒక పైపులోంచి నేరుగా అవ్వ బావి పక్కగా పారే వాగులోకి పోతోంది.

"నిన్ననే చెడిపోయింది మేడం" అన్నాడు మేనేజరు.

శాంపిల్ తీసుకుని, చూసింది చూసినట్టు రాసి పంపాను. ప్లాంటు బాగయ్యేదాకా హాస్టలు మూసేయమని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి.

తర్వాత వెళ్లినప్పుడు నన్ను చూసినా అవ్వ మంచం మీదనుంచి లేవలేదు.

"పాలన్నీ ఆ హాస్టలుకే పోస్తా ఉంటి. ఇప్పుడెవరికి పోసేది? నీళ్లు బాగు చేయించమన్నా గానీ, మూయించమన్నానా?"

"అట్లా వదిలేస్తే నీ బావి పాడైపోతుంది గదవ్వా."

"నీకేం పాపా, రాసేసి పోతావు. ఈడ ఉండేది నేను గదా."

చేతిలో అన్నం డబ్బా విప్పకుండానే వచ్చేశాను.

వానలు వెళ్లాక కొత్త మోటారు బిగించారు. ప్లాంటు నుంచి వచ్చే నీళ్లు పరీక్షలో నెగ్గాయి. హాస్టలు తెరిచారు, అవ్వ పాలు మళ్లీ లోపలికి వెళ్తున్నాయి. ఆ మాట మేనేజరే చెప్పాడు.

ఆమె బావి దగ్గరికి వెళ్లి నీళ్లు చేదాను. వాసన లేదు.

"బాగుండావా అవ్వా?" అన్నాను.

"ఉండాను" అని, గడ్డిమోపు ఎత్తుకుని కొట్టంలోకి పోయింది.

కాసేపు చూశాను. బయటికి రాలేదు. ఆత్మకూరు వచ్చి కలువాయి బస్సెక్కాను. అక్కడ ఇంకో ప్లాంటు చూడాల్సి ఉంది.