పేరు చెప్పని ఆకుమందు

పత్యం అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జ్వరం వచ్చినవాళ్లు చేసే పత్యం సంగతి కాదు. పిల్లలు పుట్టని ఆడదాని చేత చేయించే పత్యం సంగతి.

మాది నేత ఊరు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలు అంటారు. మా ఆయన సాంచెలు నడుపుతాడు, నేను నూలు కండెలు చుడతాను. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. కరీంనగర్‌లో డాక్టరమ్మకు చూపించుకుంటే గర్భసంచిలోకి మందు పంపి ఎక్స్‌రే తీయించింది. సంచికి అటూ ఇటూ ఉండే గొట్టాల్లో ఎడమది పూర్తిగా మూసుకుపోయిందని, కుడిది సగం పూడిపోయిందని చెప్పింది. ఆపరేషన్ చేసి చూడొచ్చు, కాకపోతే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఉందంది. లేచి వస్తుంటే మళ్లీ పిలిచింది.

"ఎప్పుడన్న నెల తప్పితే సంబురపడి ఇంట్ల కూసోకమ్మా. ఎంటనే వచ్చి స్కాన్ తీయించుకో. పిండం గొట్టంల ఇరుక్కుంటే గొట్టం పగిలి పాణం మీదికొస్తది" అని గట్టిగా చెప్పింది.

ఆ మాట నేను మరిచిపోలేదు. నాకు బిడ్డ కావాలి. పక్కింటి బాలింత ఉయ్యాల ఊపుతుంటే ఇవతల నేను పళ్లు నూరేదాన్ని, అంత కుళ్లు నాకు. అయినా ఆ మాట మరిచిపోలేదు.

ఆపరేషన్ అనగానే మా అత్తమ్మ గుండె బాదుకుంది. "కడుపు కోయించుకున్న ఆడిది ఎన్నడన్న బాగుపడ్డదా?" అంది. కాగజ్‌నగర్ అవతల ఒక ఊళ్లో ఆకుమందుతో గొట్టాలు తెరిచే వైద్యుడు ఉన్నాడని ఆమెకు ఎవరో చెప్పారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే. ఆమెకు కావలసింది కోత లేని మందు, ఆయన దగ్గర ఉన్నదీ అదే. మా ఆయన "ఒకపారి చూద్దాం తియ్" అన్నాడు. తల్లి ముందు ఆ మనిషి నోటి నుంచి అంతకన్నా పెద్ద మాట ఎన్నడూ రాలేదు. అత్తాకోడళ్లం పెద్దపల్లిలో రైలెక్కి పోయాం.

వైద్యుడి ఇంటి ముందు పందిరి నిండా ఆడవాళ్లే. ఒక్కొక్క కోడలి పక్కన ఒక్కొక్క అత్త, కాపలా కూర్చున్నట్టు. మందు తినడానికి వచ్చిన మగవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. నా వంతు వచ్చాక ఎక్స్‌రే చేతికిస్తే, సచ్చినోడు, కవరులోంచి తీయకుండానే పక్కన పడేశాడు.

"గిది యంత్రం చూపు బిడ్డా. నాది నాడి చూపు" అంటూ నా మణికట్టు పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, తెరిచి, గొట్టాలు పూడినయి, నేను తెరుస్తా అన్నాడు. అది ఎక్స్‌రే కవరు మీదే రాసి ఉంది. నల్లటి ఉండలు పొట్లం కట్టి ఇస్తుంటే, ఇది ఏం ఆకు అని అడిగాను.

"పేరు చెప్తే గుణం పోతది."

"నెల తప్పితే స్కాన్ తీయించుకోమన్నది మా డాక్టరమ్మ" అన్నాను.

నా వైపు చూడలేదు. మా అత్తమ్మతో చెప్పాడు. "మందు ఒంట్ల ఉన్నన్ని దినాలు యంత్రం కిందికి పంపకు. స్కానింగ్ గీనింగ్ తీస్తే మందు ఇరుగుతది. తర్వాత నన్ను అడుగొద్దు."

ఇంటికొచ్చిన రోజు నుంచి నా నోటికి తాళం పడింది. పుంటికూర, అదే గోంగూర, లేదు, వంకాయ లేదు, చింతపండు లేదు, తొక్కు పచ్చడి వాసన కూడా చూడరాదు. జొన్న గట్క, చప్పిడి పెసరపప్పు. బతుకమ్మకు అందరూ సద్దులు తింటుంటే నేను గిన్నె పట్టుకుని గడపలో కూర్చున్నాను. ఇంత చేసినా నెల నెలా ముట్టు వచ్చేది. వచ్చిన రోజల్లా ఇంట్లో పోలీసు విచారణే. "ఏం తిన్నవే? చొప్పదండికి, తల్లిగారింటికి పోయినప్పుడు మీ అవ్వ ఏం పెట్టింది? నిజం చెప్పు!" ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ వైద్యుడు ఫోనులో అడిగేదీ అదే. మందు ఎన్నడూ తప్పు చేయదు, తప్పంతా నా నాలుకదే.

అట్లాంటిది ఒక నెల ముట్టు రాలేదు.

దేవుడా, ఆ సంతోషం ఎట్లా చెప్పను! గోడకు ఆనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ వెంటనే భయం పట్టుకుంది. కరీంనగర్ పోదాం, స్కాన్ తీయించుకోవాలి అని మా ఆయనతో అన్నాను. ఆయన చొక్కా వేసుకునేలోపే అత్తమ్మ వైద్యుడికి ఫోను కలిపింది. "గొట్టం తెర్సుకున్నది. ఇగ యంత్రం ముట్టనియ్యకు" అని వాడి గొంతు నాకూ వినిపించింది. అత్తమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

"నీకు బిడ్డ కావాల్నా, యంత్రం కావాల్నా?"

మా ఆయన చొక్కా విప్పి దండెం మీద వేశాడు.

తర్వాత కుడివైపు పొత్తికడుపులో పోటు మొదలైంది. బట్టకు మరక కూడా అంటింది. మళ్లీ ఫోను. "చెరువుల పూడిక తీస్తే మట్టి రాదా? గట్లనే గిది. జర ఓర్సుకొమ్మను" అన్నాడు వాడు. వాని నోట్లో మన్ను పడ! నేను కరీంనగర్ అన్నప్పుడల్లా అత్తమ్మ ఆ పూడిక మాటే చెప్పింది, ఊరందరికీ కోడలు నీళ్లోసుకుందని చెప్పుకుంది.

కండెలు చుడుతూ చుడుతూ నేను పడిపోయాను. పోటు భుజం దాకా ఎగబాకింది, కళ్లు చీకట్లు కమ్మాయి. మా ఆయన నడుస్తున్న సాంచెలు ఆపేసి వచ్చి, తల్లి ఏదో అంటున్నా వినకుండా నన్ను ఎత్తి ఆటోలో వేశాడు. ఆ పని చొక్కా వేసుకున్న రోజే చేసి ఉంటే!

కరీంనగర్ ఆస్పత్రిలో పడుకోబెట్టి, గొట్టం పగిలింది, కడుపు నిండా రక్తమే అన్నారు. మత్తు ఇచ్చే డాక్టరు వంగి, "ఏమన్న మందులు తింటున్నవా? పేరేంది?" అని అడిగాడు. ఆకుమందు, పేరు తెలియదు అన్నాను. ఆయన మా అత్తమ్మ వైపు తిరిగాడు.

"చెప్పరాదు సారూ" అంది ఆమె. "చెప్తే గుణం పోతది."

అక్కడ నేను చస్తున్నాను. ఆమెకు ఇంకా ఆ మందు గుణం మీదే ఫికర్.

నేను బతికాను. కుడి గొట్టం తీసేశారు, దానిలో ఇరుక్కున్న నా బిడ్డతో సహా. మిగిలింది పూర్తిగా మూసుకుపోయిన ఎడమది. ఇక టెస్ట్‌ట్యూబ్ తప్ప దారి లేదట. ఆ వార్డులోనే అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. ఏడ్చి ఏడ్చి ముక్కు చీది, నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది, "పత్యం ఎక్కడ తప్పినవే?"

చేతికందిన స్టీలు గ్లాసు విసిరికొట్టాను. "నా బిడ్డను మింగింది నువ్వూ, వాడూ!" అని అరిస్తే కుట్లు పట్టేశాయి. నర్సు పరుగెత్తుకొచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఊకో, అన్నాడు మా ఆయన. నేను ఊకోలేదు. అత్తమ్మతో ఇప్పటికీ పొడి మాటలే.

నాకు ఆయుర్వేదం మీద పగ లేదు. తర్వాత మా అవ్వను మోకాళ్ల నొప్పులకు ఆ చదువే చదివిన ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినప్పుడు నా సంగతి చెప్పాను. పేరు చెప్పని మందు ఏ శాస్త్రంలోనూ లేదు, గొట్టాలు పూడిన మనిషిని స్కాన్‌కు పోవద్దన్నవాడు వైద్యుడే కాడు అని ఆమె కూడా మండిపడింది. నా పగ ఆ పందిరి కింద కూర్చున్నవాడి మీద.

వాడు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. మొన్న హుజూరాబాద్ నుంచి ఒక కొత్త కోడలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సన్నగా ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గొట్టాలు మూసుకున్నాయట.

"ఆ వైద్యుడు నీ ముచ్చటే చెప్తుండక్కా. సాంచెల ఊళ్లె ఒకామెకు గొట్టాలు పూడినా నా మందుతోటే కడుపు నిలిచింది, పోయి అడుగున్రి అంటుండు. గందుకే వచ్చిన."

తలుపు వేసి, చీర కుచ్చిళ్లు దించి నా కోత చూపించాను. బిడ్డ పోయింది, గొట్టం పోయింది, నేనూ పోయేదాన్నే, తల్లీ, కరీంనగర్ పోవే అని మొత్తం చెప్పాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింది. కోత మీద వేలు పెట్టి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్ని నెలలు తిన్నంక నిలిచిందక్కా?"

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతున్నంతసేపూ ఆ పిల్ల నేను ఎన్ని నెలలు చెబుతానా అని నా మొహమే చూస్తూ కూర్చుంది.