నా బిడ్డకు జేబు కుట్టిన చెల్లె

మా పక్కింట్లో ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టిన, నేను చెల్లె అని పిలిచే మనిషి పోయిన వారం వరంగల్ దవాఖానలో చనిపోయింది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మావి. అయినా ఆమె కొడుకు ముందు ఫోన్ చేసింది నాకు కాదు, భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తున్న నా బిడ్డకు. బిడ్డ ఏడ్చుకుంటూ చెబితే నాకు తెలిసింది. అంత దుఃఖంలోనూ నాకు ముందుగా ఎందుకు చెప్పలేదని మండింది. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, అబద్ధం ఎందుకు రాయాలి? బతికున్నన్నాళ్లూ ఆ చెల్లె మీద నాకు కుళ్లే.

నా బిడ్డ ఆమెకు చెప్పినన్ని మాటలు నాకు ఎన్నడూ చెప్పలేదు. బడి నుంచి రాగానే మా గడప దాటి వాళ్ల గడప ఎక్కేది. "ఖాలా" అని పిలిచేది. ముస్లింల ఇళ్లలో పిన్నిని అట్లా అంటారు. మిషన్ చప్పుడు మధ్య ఇద్దరూ నవ్వుకుంటుంటే నేను వాకిట్లో కూర్చుని చెవులు రిక్కించేవాణ్ని.

బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పంజాబీ డ్రెస్సుకు జేబు పెట్టమని అడిగింది.

"ఆడపిల్లకు జేబెందుకే? అండ్ల ఏం పెడతవ్?" అని ఈ చెల్లే ఎగతాళి చేసింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. పిల్ల తల దించుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం చెల్లె మా ఇంటికి వచ్చి, నా ముందే పిల్ల చెయ్యి పట్టుకుంది. "తప్పయింది బిడ్డా. గది నా మాట కాదు. చిన్నప్పుడు మా అమ్మీ నన్నన్న మాట. నా నోట్లె ఉండిపోయింది" అంది. ఆ డ్రెస్సుకు రెండు పక్కలా లోతైన జేబులు కుట్టి ఇచ్చింది. నేనైతే నా బిడ్డకు తప్పయిందని చెప్పేవాణ్ని కాదు. నా కుళ్లు ఆ రోజు ఇంకా ముదిరింది.

తర్వాత ఆమెకు అదే అలవాటైంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఎవరి కోడలి గురించో "గదొక మగరాయుడు, మొగనికే ఎదురు జెప్తది" అని మొదలుపెడితే, నోట్లో పట్టుకున్న గుండుసూదులు తీసి పక్కన పెట్టేది.

"అక్కా, గిది నీ మాటనా, నిన్నెవరన్న అన్న మాటనా?"

కొందరు కోపమొచ్చి గుడ్డ వెనక్కి తీసుకుని పోయారు. ఒకామె మాత్రం "మా అత్త అనేది" అని అక్కడే ఏడ్చింది.

నా బిడ్డ కరెంటు స్తంభాలెక్కే కొలువుకు దరఖాస్తు పెడితే, "స్తంభమెక్కే పిల్లను ఎవడు చేసుకుంటడు?" అంది మా ఇంటిది. నేను నోరు మూసుకున్నాను. చెల్లె గట్టి గుడ్డతో, మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేసి ప్యాంటు కుట్టింది. స్తంభమెక్కి చూపించే పరీక్షకు తోడు పోయింది కూడా ఆమే. బిడ్డ గెలిచిన సంగతి ఆమె నోటనే విన్నాను.

ఆ రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నా బంగారు తల్లి, నా ఇంటి వెలుగు! జిలేబీ తెచ్చి వాడంతా పంచాను. "నాకు బిడ్డ కాదు, కొడుకు" అని ఎదురైన ప్రతివాడికీ చెప్పాను. చెల్లె జిలేబీ చేతిలో పట్టుకుని, తినకుండా అడిగింది.

"అన్నా, ఎక్కినప్పుడు బిడ్డనే ఉండె గద. దిగంగనే కొడుకెట్లయింది?"

"మెచ్చుకుంటున్న చెల్లె."

"మెచ్చుకో. బిడ్డనే మెచ్చుకో. నడుమ కొడుకెందుకు?"

నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెలలోనే గమనించాను, నేను కొడుకు అన్నప్పుడల్లా నా బిడ్డ మొహంలో నవ్వు కొంచెం తగ్గేది. కన్న తండ్రినై ఉండి నేను అంతదాకా చూడలేదు. పక్కింటామె చూసింది. దానికి మించిన అసూయ నాకు ఇంకొకటి లేదు. ఆమె లేకపోతే ఆ నవ్వును పూర్తిగా పోగొట్టుకునేవాణ్నే.

ఖబరస్తాన్‌లో ఆమెకు మట్టి ఇచ్చి వచ్చేసరికి బిడ్డ మా అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. తనే అంది.

"బాపూ, స్తంభమెక్కేటప్పుడల్లా ముందుగాల నాకు కాళ్లు వణుకుతయి. ఖాలాకొక్కదానికే తెలుసు."

మగోని లెక్క ధైర్యంగా ఉండు అనే మాట నా నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

"నాకు గూడ చెప్పు బిడ్డా" అన్నాను.

చెప్పింది. చెబుతూ చెబుతూ చెయ్యి నా ఒడిలో పెట్టింది. వేళ్ల మొదట్లో వరుసగా కాయలు కాసి ఉన్నాయి. వాటి మీద నా బొటనవేలు ఆనించి, పొద్దు వాలేదాకా వింటూ కూర్చున్నాను.